తొందరేం లేదు, తీరిగ్గా రండి

ఆ పొద్దున లింగమూర్తి పెట్టుకున్న పని ఒక్కటే. పదో తరగతి పిల్లలకు ‘ఇమీడియట్లీ’కీ ‘ఎట్ వన్స్’కీ తేడా చెప్పడం. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు బడిలో ఆయన ఇంగ్లీషు సారు. మాట సరిగ్గా పడితే పని సరిగ్గా జరుగుతుందని ఆయన సిద్ధాంతం. ‘ఎట్ వన్స్’ అంటే ఆజ్ఞ, పైవాడు కిందివాడితో అనేది. ‘రైట్ అవే’ అంటే ఇష్టంగా లేచి చేసేది. ‘ఇన్‌స్టంట్లీ’ అంటే స్విచ్చి వేస్తే బల్బు వెలగడం. ‘ఫోర్త్‌విత్’ సర్కారు వాళ్లది, ఆ మాట పడ్డ కాయితం ఏడాదికి గాని కదలదు. మర్యాదా తొందరా రెండూ సమపాళ్లలో ఉన్నది ‘ఇమీడియట్లీ’ ఒక్కటేననీ, ఆడపిల్ల పుడితే ఆ పేరే పెట్టుకునేవాడిననీ ఒకసారి స్టాఫ్‌రూములో అన్నాడు. ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే ఆయన నవ్వుతూ అనలేదు.

చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే లోపలి గదిలోంచి మూలుగు వినిపించింది. తల్లి కనకవ్వ కడుపు పట్టుకుని మంచం మీద మెలికలు తిరిగిపోతోంది. రాత్రి నుంచీ నొప్పేనట. సోడా తాగితే అదే పోతుందిలే అని ఎవరినీ లేపలేదు. లింగమూర్తి, ఆయన భార్య వనజ ఆమెను ఆటోలో వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తారు.

డాక్టర్ సాయిచంద్ స్కానింగు చూసి కళ్లద్దాలు తీశాడు. డాక్టర్లు కళ్లద్దాలు తీస్తే మంచి మాట రాదు. “పేగు మెలిపడింది. సాయంత్రం లోపల ఆపరేషన్ చెయ్యాలె. ఆలస్యమైతే పేగు కుళ్లిపోతది. తర్వాత నేనే కాదు, ఎవరూ చేసేదేం ఉండదు.”

“చేసెయ్యండి సార్, ఇమీడియట్లీ,” అన్నాడు లింగమూర్తి.

“నా తమ్మున్ని చూడంది నేను కత్తి కిందికి పోను,” అంది కనకవ్వ.

ఆ తమ్ముడు హనుమండ్లు. ఇచ్చోడ పక్కన ఒక పల్లెలో పత్తి వేసుకుని బతుకుతున్నాడు. లింగమూర్తి పెళ్లికి అక్కకు పెట్టాల్సిన తల్లిగారి చీర బూడిద రంగుది తెచ్చాడు. నిండు పెళ్లిలో కనకవ్వ దాన్ని వాడి మొహం మీదికి విసిరింది. “నీ అక్క బతికుండంగనే బూడిద చేస్తివి గదరా” అంది. వాడు అన్నం ముట్టకుండా బస్సెక్కాడు. అప్పటి నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. ముందు నువ్వు మాట్లాడాలంటే నువ్వు మాట్లాడాలని ఇద్దరూ ఏళ్లు గడిపేశారు.

“అవ్వా, పానం మీదికొచ్చింది. గిప్పుడు గీ పంతాలేందే?” అని లింగమూర్తి బతిమాలాడు.

“పానం మీదికొచ్చింది గాబట్టే అంటున్న. రాకపోతె వాని మొకం చూద్దునా?” అని కనకవ్వ చేతికున్న సెలైన్ సూది మీద రెండో చెయ్యి వేసింది. బలవంతం చేస్తే పీకి పారేస్తానని అర్థం. ఆమె ఆ పని చేసే మనిషేనని కొడుక్కీ కోడలికీ తెలుసు.

సరే, మామను పిలవాలి. ఇచ్చోడ నుంచి బస్సెక్కితే మధ్యాహ్నం దాటేసరికి దిగొచ్చు. లింగమూర్తి ఫోను తీశాడు. వనజ చెయ్యి పట్టుకుంది.

“సీరియస్ అని మాత్రం అనకు. అత్తమ్మకు తమ్ముని మీద పానం కొట్టుకుంటుంది, ఒకసారొచ్చి పొమ్మను. గంతె.”

“ఎందుకు? ఉన్నదున్నట్టు చెప్తె తప్పేంది?”

తప్పేమిటో చెప్పాలంటే కొంత వెనక్కి పోవాలి. ఆ పక్క ఊళ్లలో చావు కబురు ఫోన్లో చెప్పరు. ఇది ఎవరూ రాసిపెట్టిన చట్టం కాదు, అందుకే కచ్చితంగా అమలవుతుంది. దుబాయిలోనో మస్కట్‌లోనో గదిలో ఒంటరిగా ఉన్నవాడికి మీ బాపు పోయిండని చెబితే వాడక్కడే కూలిపోతాడు. పక్కన పట్టుకునేవాడు కూడా ఉండడు. అందుకని ‘జర సీరియస్ ఉంది, జల్ది రా’ అంటారు. వాడు విమానంలో ఏడ్చుకుని, దిగేసరికి గుండె రాయి చేసుకుంటాడు. ఇలా ఇంటింటా ఏళ్ల తరబడి దయతో అబద్ధమాడీ ఆడీ, ఇప్పుడు సీరియస్ అంటే పోయినట్టే, వెంటనే రమ్మంటే పాడె కడుతున్నట్టే అయింది. నిజంగా సీరియస్‌గా ఉన్నవాళ్ల సంగతి చెప్పడానికి మాటే మిగల్లేదు.

“గా సంగతి నాకెర్కలేదా? అందుకే ఇంగ్లీషుల పెడుతున్న. ఇంగ్లీషుల ఏ మాటకు ఆ మాటే,” అన్నాడు లింగమూర్తి. హనుమండ్లు కొడుకు నరేశ్ ఒకప్పుడు తన దగ్గరే చదువుకున్నాడు. వాడికి వాట్సాప్‌లో ‘మదర్ సీరియస్, స్టార్ట్ ఇమీడియట్లీ’ అని పంపి, స్పెల్లింగు సరిచూసుకుని, ఊపిరి పీల్చుకున్నాడు.

నరేశ్ నుంచి దండం బొమ్మలు రెండు వచ్చాయి. ఆ వెనకే బంధువుల గ్రూపులో ఓం శాంతి మొదలైంది. కోరుట్ల మేనత్త ఓం శాంతి. హుస్నాబాద్ షడ్డకుడు ఓం శాంతి. షార్జాలో క్రేను తోలే పెదనాన్న కొడుకు లక్ష్మణ్ ఏడుస్తూ ఒక వాయిస్ మెసేజి. లింగమూర్తి బిత్తరపోయి ‘షీ ఈజ్ అలైవ్, కమ్ ఎట్ వన్స్’ అని పెట్టాడు. ఈసారి మామూలు మాట కాదు, ఆజ్ఞ. దానికి ఇంకో పదిమంది దండాలు పెట్టారు. అంతలో నరేశే ఫోన్ చేశాడు.

“బావా, ధైర్నంగుండు. ఎప్పటికైన అందరం పోయెటోళ్లమే.”

“అవ్వ బతికే ఉందిరా!”

“అవ్ బావా. మనందరి గుండెలల్ల బతికే ఉంటది.”

“అరే, మంచం మీద బతికుందిరా! ఆగు, చూపిస్త!” అని లింగమూర్తి వీడియో కాల్ చేశాడు. కనకవ్వ అప్పుడే నొప్పి సూది మత్తులో పడి నోరు తెరుచుకుని పడుకుంది. ముక్కులో గొట్టం వేసి, అది జారకుండా తెల్లటి ప్లాస్టరు అంటించారు. అవతల ఫోను హనుమండ్లు భార్య భూమవ్వ చేతిలో ఉంది. ఆమె చూసింది ఆ ముక్కు ఒక్కటే. “వామ్మో, ముక్కులల్ల దూది గూడ పెట్టిండ్రు!” అని పెట్టిన కేకకు ఫోను కింద పడి, ఆకాశం కనిపించింది.

“నేను చెప్పలే?” అంది వనజ. 

కనకవ్వకు తెలివొచ్చాక చివరి ప్రయత్నం చేశాడు. మామకు ఫోన్ కలిపి తల్లి చెవి దగ్గర పెట్టాడు. “ఒక్క మాటవ్వా. నేనున్న అను సాలు.”

“అక్కా... ఓ అక్కా... నన్ను ఇడిసి పెట్టి పోతివా...” అని అవతల హనుమండ్లు గుండె పగిలేలా ఏడుస్తున్నాడు. కనకవ్వ పెదవులు బిగించింది. కళ్లు మూసుకుని వింటోంది. కంటి కొనల నుంచి నీళ్లు జారి చెవుల్లోకి పోతున్నాయి, నోరు మాత్రం తెరవలేదు. అవతలివాడికి వార్డులో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. కాసేపటికి ఫోన్ కట్టయింది.

“ఎందుకే మాట్లాడలే?” అని లింగమూర్తి తల పట్టుకున్నాడు.

“ముందుగాల వాడు నాతోని మాట్లాడాలె.”

“మాట్లాడిండు గదనే ఇంతసేపు!”

“శవంతోని మాట్లాడిండు. నాతోని మాట్లాడలే.”

మధ్యాహ్నం డాక్టర్ వచ్చి కడుపు నొక్కి చూసి, ఇంకా ఎవరి కోసం ఆగారని కసిరాడు. లింగమూర్తి నరేశ్‌కు ఫోన్ చేస్తే ఇంకా నిర్మల్‌లోనే ఉన్నామన్నాడు. పొద్దుననంగా బయల్దేరినవాళ్లు నిర్మల్‌లో ఏం చేస్తున్నట్టు? చీరల దుకాణంలో ఉన్నారు. ఆడబిడ్డ పోతే తల్లిగారి చీర కప్పందే పాడె లేవదు మరి. ఫోను హనుమండ్లు అందుకున్నాడు.

“అల్లుడా, మీ అవ్వకు చిలుకపచ్చ ఇష్టమా, మామిడిపండు రంగు ఇష్టమా?”

“మామా, నీ కాళ్లు మొక్కుత, చీర వద్దు! అవ్వకు పానముంది! నువ్వు ఎట్లున్నవో గట్ల రా!”

“చీర లేంది ఏ మొకంతోని వస్త బిడ్డా? గప్పుడు బూడిద రంగు తెచ్చి పాపం మూటగట్టుకున్న. షాపాయనతోని పొద్దటి సంది అన్నిటి మడతలు ఇప్పిస్తున్న. గీసారన్న మా అక్కకు నచ్చింది కప్పాలె.” లింగమూర్తికి కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆ నీళ్లలోనే కోపమూ తిరిగింది. ఏ రంగని చెబుతాడు? చిలుకపచ్చ అన్నాడు. చెప్పాక, చావును తనే ఖాయం చేసినట్టయిందని నాలిక కరుచుకున్నాడు.

“బతికున్న అక్క కోసమైతె కట్టుబట్టలతోని బస్సెక్కేటోడు. సచ్చిన అక్క కోసమైతె మస్తు పనులుంటయి,” అంది వనజ. పనులు నిజంగానే మస్తుగా ఉన్నాయి. తుఫాన్ బండి మాట్లాడారు. మెట్‌పల్లిలో ఇద్దరిని, కోరుట్లలో మేనత్తనూ ఆమె సంతానాన్నీ ఎక్కించుకున్నారు. జగిత్యాలలో దండలు కట్టించారు. కొండగట్టు దగ్గర మాత్రం ఆగలేదు, చావుకు పోతూ దేవుడి దగ్గర ఆగకూడదని. ఆ దారి మొత్తంలో వాళ్లు తొందరపడింది అక్కడొక్కచోటే.

పొద్దు వాలుతుండగా లింగమూర్తి రక్తం సీసా కోసం బ్లడ్ బ్యాంకుకు పోయాడు. సరిగ్గా అప్పుడే తుఫాన్ ఆస్పత్రి ముందు ఆగింది. ఇరవై మంది దిగి, “మా అక్క బాడీ ఏడుంది?” అని గేటు దగ్గర వాచ్‌మన్‌ను పట్టుకున్నారు. ఈ రోజు ఇక్కడ ఎవరూ పోలేదని అతను ఉన్నమాటే చెప్పాడు. ఆ రోజు నిజం చెప్పిన ప్రతివాడికీ ఏమైందో అతనికీ అదే అయింది.

“బాడీ దాస్తుండ్రు!” అన్నాడు నరేశ్. వాడు ఊళ్లో యువజన సంఘం అధ్యక్షుడు. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో తెలిసినవాడు. అందరినీ గేటుకు అడ్డంగా కూర్చోబెట్టాడు. దండలు ముందు వరసలో పెట్టించాడు. ‘డాక్టర్ డౌన్ డౌన్’ మొదలైంది. పై అంతస్తు కిటికీలోంచి వనజ చేతులూపుతూ “అత్తమ్మ బతికే ఉంది!” అని అరిచింది. కింద ఆ గోలలో మాట వినపడలేదు, గుండెలు బాదుకుంటున్న కోడలు మాత్రం కనిపించింది. ఆడవాళ్లు రెట్టించి ఏడ్చారు.

రక్తం సీసాతో స్కూటర్ మీద వస్తున్న లింగమూర్తికి సందు మలుపులో ఒక కారు ఎదురొచ్చింది. లోపల మొహానికి టవలు చుట్టుకున్న మనిషి ఉన్నాడు. పాపం ఎవరికో ఏదో తొందరని లింగమూర్తి స్కూటర్ పక్కకు తీసి దారిచ్చాడు. అది ధర్నాకు జడిసి వెనక గేటు గుండా పారిపోతున్న డాక్టర్ సాయిచంద్ అని ఆయనకు గేటు దగ్గరికొచ్చాక గాని తెలియలేదు.

“లేవుండ్రి! అవ్వకేం కాలే! బతికే ఉంది!” అని లింగమూర్తి గొంతు చించుకున్నాడు. ధర్నా ఒక్క క్షణం ఆగింది. నరేశ్ జాలిగా తలూపాడు.

“బావను గూడ కొనేసిండ్రు.”

లింగమూర్తి పైకి పోయి, నర్సు వద్దు వద్దంటున్నా తల్లిని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, వనజ సెలైన్ సీసా ఎత్తి పట్టుకోగా, గేటు దాకా తోసుకొచ్చాడు. గేటు ముందు చప్పుడు ఆగిపోయింది. కోరుట్ల మేనత్త కళ్లు తేలేసి పక్కావిడ మీద పడింది. హనుమండ్లు చేతిలో కవరు పట్టుకుని లేచి నిలబడ్డాడు. అక్కా తమ్ముడూ ఒకరినొకరు చూసుకున్నారు.

“అక్కా,” అన్నాడు చివరికి. “నువ్వు ఉన్నవా?”

“గిప్పుడు మాట్లాడినవ్ నాతోని,” అంది కనకవ్వ. “గా కవర్ల ఏముంది?”

హనుమండ్లు చీర తీశాడు. చిలుకపచ్చ, ఎర్రంచు. కనకవ్వ కొంగు వేళ్ల మధ్య నలిపి చూసింది. “మంచిగుందిరా. గీ రంగు గప్పుడే తేవాలని తెల్వలేదా? సస్తేనే తెస్తవా మంచి చీర?” హనుమండ్లు ఆమె ఒళ్లో తల పెట్టి ఏడ్చాడు. ఆమె వాడి వీపు మీద రెండు దెబ్బలు వేసి, మూడో దెబ్బకు చెయ్యి అక్కడే ఉంచేసింది. తర్వాత నొప్పికి ముడుచుకుపోతూ కొడుకు వైపు తిరిగింది. “ఇగ పదండ్రి కత్తి కిందికి.”

పోవడానికి కత్తి ఉంది, పట్టుకునేవాడే లేడు. రిసెప్షన్‌లో ఉండే రోజారాణి డాక్టర్‌కు ఫోన్ చేసింది. “సార్, పేషెంట్ బతికే ఉంది సార్, వెంటనే రండి.”

“నీ మెడ మీద ఎవడో చెయ్యి పెట్టి మాట్లాడిస్తున్నడని నాకు తెలుసమ్మా. అవునంటే ఒకసారి దగ్గు,” అన్నాడు డాక్టర్. రోజారాణికి రెండు రోజులుగా జలుబు. ఎంత ఆపుకున్నా దగ్గు ఆగలేదు.

లింగమూర్తి తన ఫోన్లోంచి ‘పేషెంట్ అలైవ్, కమ్ ఇమీడియట్లీ’ అని పంపాడు. డాక్టర్ ఆ నంబరు బ్లాక్ చేశాడు. కొత్తగా డాక్టరైనప్పుడు ఇంకో ఊళ్లో ఆయన ఇలాగే ఒక ‘వెంటనే రండి’ని నమ్మి పోయి, విరిగిన చేత్తో తిరిగొచ్చినవాడు. వేరే ఆస్పత్రికి తీసుకుపోదామంటే మళ్లీ మొదటి నుంచి స్కానింగులు, పరీక్షలు. కనకవ్వ పెదవులు నల్లబడుతున్నాయి. హనుమండ్లు నేల మీద చతికిలబడి, “నేను బస్సుకు రాకపోతి, చీర కాడ ఆగితి” అని తలబాదుకుంటున్నాడు. నరేశ్ ఎవరి మొహమూ చూడలేక గోడకు తిరిగి నిల్చున్నాడు.

స్ట్రెచర్ మీంచి కనకవ్వ కొడుకును వేలితో దగ్గరికి పిలిచింది. “లింగం, నేను సచ్చిన్నని చెప్పు.”

“అవ్వా!”

“అందరు నమ్మిండ్రు. డాక్టరొక్కడే మిగిలిండు. వానికి గూడ చెప్పు.”

లింగమూర్తి రిసెప్షన్ ఫోను అందుకున్నాడు. డాక్టర్ ఎత్తాడు. “సార్, నేను లింగమూర్తిని. మా అవ్వ...” ఉన్నదున్నట్టు చెప్పడానికి పొద్దుటి నుంచి ఇంత యాతన పడ్డ మనిషి, లేనిది చెప్పడానికి మాట రావడం లేదు. కనకవ్వ స్ట్రెచర్ మీంచి చెయ్యి ఊపింది, ఊఁ, కానియ్యి అన్నట్టు.

“మా అవ్వ పోయింది సార్.”

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఇక ఆగలేదు. చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. అది నటన కాదు. ఎదురుగా బతికి ఉన్న తల్లిని చూస్తూనే, ఆమె లేని ఇల్లు కళ్లకు కట్టి ఏడ్చాడు. “అందరు బాడీ తీసుకోని పోయిండ్రు సార్. లొల్లేం లేదు. మీకు దండం పెట్టిపోదామని నేనొక్కన్నే ఉన్న. తొందరేం లేదు, తీరిగ్గా రండి.”

అవతల పెద్ద నిట్టూర్పు వినిపించింది. “అయ్యో... ధైర్యంగా ఉండండి మాస్టారూ. వస్తున్న.”

నరేశ్ ఇరవై మందిని తుఫాన్‌లో కుక్కి, తలలు పైకి లేపొద్దని చెప్పి, పైన దండలు కప్పాడు. అది పూర్తయ్యే లోపలే కారు వచ్చేసింది. డాక్టర్ విచారం నిండిన మొహంతో లోపలికి నడిచాడు. ఆపరేషన్ గది ముందు స్ట్రెచర్ మీద కనకవ్వ చేతులు జోడించింది.

“దండం సారూ. నేనే సచ్చినదాన్ని.”

డాక్టర్ వెనక్కి ఒక అడుగు వేశాడు. వెనక నరేశ్ గేటుకు తాళం వేస్తున్నాడు. తాళాన్ని, ముసలామె నల్లటి పెదవుల్ని, గోడవారగా నిల్చుని ఇంకా వెక్కుతున్న మాస్టారును ఒకదాని తర్వాత ఒకటి చూసి, చేతులు కడుక్కోవడానికి పోయాడు.

ఆపరేషన్ ముగించి బయటికొచ్చాక డాక్టర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “సగం పేగు నల్లబడింది. కోసేసిన. మధ్యాహ్నమే ఐతే...” అని ఆగిపోయాడు. ఆ ఆగిన మాట ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ హనుమండ్లును తిననివ్వలేదు. అక్క కళ్లు తెరిచేదాకా వరండా దాటి పోలేదు. రెండుసార్లు ఆమె పరిస్థితి చేయి దాటిపోయినట్టే అయింది. ఆ రెండుసార్లూ లింగమూర్తి ఎవరికీ కబురు పెట్టలేదు. ఏమని పెట్టాలో ఆయనకు తెలియలేదు. బతికింది. ఎముకలూ నోరూ మాత్రం మిగిలాయి.

ఇంటికి తీసుకొస్తుంటే చౌరస్తా దగ్గర కనకవ్వ ఆటో ఆపమంది. కరెంటు స్తంభానికి నిలువెత్తు ఫ్లెక్సీ కట్టి ఉంది. ఆ రోజు దారిలోంచే నరేశ్ దోస్తుకు ఫోన్ చేసి చేయించిందది. నడుమ కనకవ్వ నవ్వుతూ ఉంది. చుట్టూ గులాబీలు, మూలల్లో దీపాలు, కింద యువజన సంఘం సభ్యుల ఫొటోలు. పైన పెద్ద అక్షరాలతో అశ్రు నివాళి, దాని పక్కనే ఆ రోజు తేదీ. లింగమూర్తి దిగి, మొహం ఎర్రబడి, తాళ్లు తెంపబోయాడు.

“చింపకు,” అంది కనకవ్వ. ఆటోలోంచి మెడ చాపి చాలాసేపు చూసుకుంది. “ఫొటో మంచిగొచ్చింది. మల్ల గింత మంచిగ ఎవలు చేపిస్తరు? ఇంట్ల పెట్టు.”

లింగమూర్తి ముడులు ఒక్కొక్కటీ విప్పి, ఫ్లెక్సీని జాగ్రత్తగా చుట్టచుట్టి ఆటో వెనక పెట్టాడు. ఎప్పుడైనా అవసరం పడితే తేదీ ఒక్కటే మార్చుకోవాలి.